నుదుటి వెనకాల మనిషి

ఫిబ్రవరి 3, మంగళవారం

మా ఆయన ఇవాళ నవ్వాడు. ముసిముసిగా కూడా కాదు, పళ్ళన్నీ కనబడేలా. పైగా నన్ను చూసి.

ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి నోట్లోంచి ఊడిపడ్డ మాటలన్నీ పోగేస్తే ఒక చొక్కా జేబులో సరిపోతాయి. టైలర్ షాపు పెట్టుకున్నవాడికి నోరుండాలి కదా, ఈయనకి టేపు మాత్రమే ఉంది. నన్ను పిలవాలంటే కత్తెరతో టేబుల్ మీద టకటకమని కొడతాడు. నేనేమైనా కుక్కపిల్లనా అని మొదట్లో దెబ్బలాడాను. తర్వాత అలవాటైపోయింది. కటింగ్, కుట్టు ఆయనవి. కాజాలు, బొత్తాలు, హెమ్మింగ్ నావి. అంతే మా సంసారం.

అలాంటి మనిషి ఇవాళ నేను కాజా కుడుతుంటే పక్కనొచ్చి నిలబడి, ఈ వేళ్ళకి ఇన్సూరెన్స్ చేయించాలి అన్నాడు. సూది కసుక్కున గుచ్చుకుంది.

తాగాడేమోనని దగ్గరికెళ్ళి వాసన చూశాను. తాగలేదు.

ఫిబ్రవరి 9, సోమవారం

తగ్గలేదు. ఇంకా ముదిరింది.

ఇవాళ కూర మాడిపోయింది. మామూలుగా అయితే షాపులో కూర్చునే పసిగట్టేసి, భోజనానికి వచ్చేసరికే మొహం గంటు పెట్టుకునే మనిషి. అసలు ఆ గంటు చూసి చాలా రోజులయిందని ఇప్పుడు తోస్తోంది. ఇవాళ రెండుసార్లు వేయించుకుని తిని, నీ చేతిలో ఏదో ఉంది సుమా అన్నాడు. అమ్మాయి కాలేజీకి టైమవుతున్నా అన్నం కలపడం మానేసి వాళ్ళ నాన్ననే చూస్తూ కూర్చుంది. తర్వాత వంటింట్లోకొచ్చి, అమ్మా నాన్నకేమైనా అయిందా అని గుసగుసగా అడిగింది. అయితే కానీలే, మంచిదే కదా అన్నాను.

అత్తయ్య అయితే సంబరం పట్టలేకపోతోంది. వీళ్ళ నాన్న పోయేదాకా ఒక్కసారి నవ్వి ఎరగడు, నీ అదృష్టం బావుంది, ఎందుకూ ఏమిటీ అని ఆరాలు తీయకు, దిష్టి తగులుతుంది అంది. నేనూ నోరు మూసుకున్నాను.

ఫిబ్రవరి 12, గురువారం

రాణీ అని పిలిచాడు. కస్టమర్ల ముందు! సిగ్గుతో చచ్చాను. మళ్ళీ ఎప్పుడు పిలుస్తాడా అని సాయంత్రం దాకా పనీపాటా లేకుండా షాపులోనే తచ్చాడాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం

ఇవాళ నన్ను పడుకోమని, కాజాలు తనే మిషను మీద వేస్తానన్నాడు. మధ్యాహ్నం నిద్ర! నాకు! లేచి వచ్చి చూద్దును కదా, బ్యాంకాయన చొక్కా ముందుపట్టీ మీద కాలర్ దగ్గర మొదలుపెట్టి అంచు దాకా కాజాలే. ఒకదాని పక్కన ఒకటి, వేలెడు సందు లేదు. ఇంకా వేస్తూనే ఉన్నాడు. మిషను ఆపమంటే ఆపలేదు. నేను చెయ్యి పట్టుకుంటే అప్పుడు ఆగాడు. ఇదేమిటండీ అంటే, ఎండాకాలం వస్తోందిగా, గాలి ఆడుతుంది అన్నాడు. పడీపడీ నవ్వుకున్నాం ఇద్దరం.

లాయరు గారి నడుము కొలుస్తూ, ఒక్క టేపు చాలదు, పక్క షాపులో ఇంకోటి అడిగి తెస్తానుండండి అన్నాడట. అదృష్టం, ఆయన సరదా మనిషి. నవ్వి ఊరుకున్నాడట.

ఈ మధ్య ఆ టేపు జోకే అందరికీ మళ్ళీ మళ్ళీ చెబుతున్నాడు. చెప్తే చెప్పనీ. ఇన్నేళ్ళ బాకీ.

మార్చి 3, మంగళవారం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

లాయరు గారు కోటు ట్రయల్‌కి వచ్చారు. నేను వెనక ఇంట్లో బట్టలు మడతపెడుతున్నాను. గుప్పున మాడు వాసన. పరిగెత్తుకుంటూ షాపులోకి వెళ్ళాను. నల్లకోటు వీపు మీద ఇస్త్రీ పెట్టె బోర్లా పడుకునుంది, పొగ లేస్తోంది. లాయరు గారు కౌంటర్ అవతల నిలబడి కోటు కోటు అని అరుస్తున్నాడు. మా ఆయన ఇస్త్రీ పెట్టె పిడి మీద చెయ్యి అలాగే వేసుంచి, ఆయనకి ఆ టేపు జోకే చెబుతున్నాడు. నవ్వుతున్నాడు.

పెట్టె లాగి పడేశాను. ముక్కు పనిచేయట్లేదా మీకు అని గట్టిగా అరిచాను. ఏం వాసన అన్నాడు.

కాలిన ముక్క తీసి ముక్కు కింద పెట్టాను. గట్టిగా పీల్చాడు. ఏమీ రావట్లేదే అన్నాడు. అమ్మాయి లోపల్నుంచి సెంటు సీసా తెచ్చింది. లేదు. ఫినాయిల్ తెచ్చింది. లేదు. ఆయనకి మేం చేస్తున్నది ఆటలా ఉంది. ఇంకోటి తే, ఇంకోటి తే అంటున్నాడు.

తిట్టాల్సిన లాయరు గారు కోటు సంగతే ఎత్తలేదు. అమ్మా, రేపే డాక్టరుకి చూపించు, లేటు చేయకు అని మాత్రం అన్నాడు.

మార్చి 5, గురువారం

స్కానింగ్ అయింది.

సర్జన్ గారు నాకంటే చిన్నది. ఫిల్మ్ లైటు మీద పెట్టి చూపించింది. నుదుటి వెనకాల, సరిగ్గా మధ్యలో, తెల్లగా గుండ్రంగా బత్తాయంత గడ్డ. అంతది తలలో పెట్టుకుని ఈ మనిషి నా వేళ్ళకి ఇన్సూరెన్స్ చేయిస్తానన్నాడు.

బల్ల మీద ప్లాస్టిక్ మెదడు ఒకటుంది. ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. పాపం ఓపిగ్గా చెప్పింది. వెనక ముక్క చూపుదట. కళ్ళేమో ముందున్నాయి, చూసేది వెనకాలా! చెవుల పక్కనున్న ముక్కలు వినడానికి, గుర్తుపెట్టుకోడానికి. ఎడమ సగం కుడిచేతిని, కుడి సగం ఎడమచేతిని నడుపుతాయట. వెనక అడుగున పిడికెడంత చిన్నమెదడు, తూలకుండా నిలబెట్టేది, కాలూ చెయ్యీ కలిసి మిషను తొక్కేలా చూసేది అదే. దాని ముందు కాడలాంటిది ఉంది. ఊపిరి, గుండె దాని చేతిలో. ఆ మడతలన్నీ ఎందుకని అడిగాను. తక్కువ చోట్లో ఎక్కువ పట్టాలి కదా అంది. కుచ్చిళ్ళన్నమాట. విప్పి ఇస్త్రీ చేస్తే ఇంచుమించు దిండు గలీబంత వస్తుందట. ఓస్, అంతేనా అనుకున్నాను. అంత గుడ్డలోనే మనిషంతా.

ముందు ముక్క చేత్తో పట్టుకుని, ఇదే మీ ఆయనది అంది. ఏ పని ముందు, ఏది వెనక, ఎక్కడ ఆపాలి, ఎవరితో ఏం అనకూడదు, అన్నీ ఇక్కడే. కాజాల సంగతి చెప్పాను. అవును, ఇక చాలు ఆపు అని చెప్పేది ఇదేనమ్మా అంది. దాని అడుగునే వాసన నరాలు. గడ్డ మెదడులో పుట్టలేదట. మెదడు చుట్టూ లైనింగ్‌లా ఉండే పొరలోంచి పుట్టి కింద నరాల్నీ పైన మెదడునీ నొక్కేస్తోందట. ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరిగిందట. వాసన ఎప్పుడో పోయుంటుంది, మీరు గమనించి ఉండరు అంది.

తర్వాత, మనిషి ఎప్పట్నుంచి మారాడు అని అడిగింది.

మారలేదండీ, బాగయ్యాడు అన్నాను.

రాసుకుంటున్న పెన్ను ఆపేసింది. నా మొహంలోకి చూసింది. అప్పుడు తెలిసింది నాకు. ఆవిడ చెప్పక ముందే తెలిసింది.

మార్చి 5, సాయంత్రం

అంటే గడ్డా?

రాణీ అన్నది గడ్డా? మాడిన కూర బావుందన్నది ముక్కు లేకనా? నెల రోజులు నేను అద్దంలో చూసుకుని జడ వేసుకుంది ఒక బత్తాయి కోసమా? ఛీ! ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీదో తెలియడం లేదు.

ఆయన పక్క గదిలో కూర్చుని పాడుతున్నాడు.

మార్చి 6, శుక్రవారం

మళ్ళీ వెళ్ళాను, ఒక్కదాన్నే. ముఖం మీదే అడిగేశాను, అలా వదిలేస్తే ఏమవుతుందని. ముందు చూపు పోతుందట. తర్వాత ఫిట్స్. ఆ తర్వాత మనిషే. తీసేస్తే మళ్ళీ పాత మనిషి అయిపోతాడా అన్నాను. కావచ్చు, సగం కావచ్చు, చెప్పలేనమ్మా అంది. ఇంకోటి అడగడానికి నోరు రాలేదు కానీ అడిగాను. ఆ మాటలు గడ్డవా, ఆయనవా? గడ్డకి మాటలు రావు, అది నోటికున్న తాళం తీసిందంతే, లోపల ఏముందో స్కానింగ్‌లో కనబడదు అంది. ఆవిడకి తెలియదట. ఇంకెవరికి తెలుస్తుంది!

ఇంటికొచ్చి చెప్పాను. అత్తయ్య, నా కొడుకు నాకు బతికుంటే చాలు, నవ్వకపోతే పీడాపోయె అంది. అమ్మాయి బావురుమంది. ఈ నాన్నని నేనిప్పుడే కదా చూశాను, ఈయన్ని తీసుకెళ్ళి కోసేస్తారా అని వెక్కివెక్కి ఏడ్చింది. నాకూ లోపల అదే ఏడుపు. వదిలేద్దాం అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. నిజం. చూపు పోతే నేను లేనా, చెయ్యి పట్టుకుని నడిపిస్తాను, నవ్వుతూ ఉంటే చాలు అనిపించింది.

అప్పుడాయన నవ్వాడు. వెక్కుతున్న కూతుర్ని చూసి. ముక్కు ఎర్రగా టమాటాలా భలే ఉందే అన్నాడు. అది ఏడుపు ఆపి భయంగా నా వెనక్కి వచ్చేసింది. అయినా ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, చొక్కా అంచు దాటిపోయినా కాజాలు వేస్తున్నట్టు. ఆ పిల్లకి జ్వరమొస్తే మాట్లాడకుండా తెల్లార్లూ పక్కన కూర్చున్న మనిషి ఈయన.

ఆ నవ్వు మా కోసం కాదు. ఎవరి కోసమూ కాదు.

ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నామని ఫోన్ చేశాను.

మార్చి 12, గురువారం

గుండు కొట్టారు. తీసిందాన్ని ప్యాక్ చేసి ఇవ్వండి, ఇంటికి పట్టుకెళ్తాను అంటున్నాడు నర్సుతో. నర్సు నవ్వింది. ఈ జోకు మొదటిసారే వింది కదా.

వార్డులో నా చెయ్యి పట్టుకున్నాడు. రాణీ, భయపడకు అన్నాడు. భయపడొద్దని చెబుతున్నది ఎవరో తెలియక ఇంకా భయపడ్డాను.

మార్చి 13, శుక్రవారం, ఉదయం 8

లోపలికి తీసుకెళ్ళారు. తలుపు మూసుకునేదాకా చెయ్యి ఊపాడు.

ఉదయం 11

ఏమీ చెప్పడం లేదు. అత్తయ్య కునుకుతోంది. అమ్మాయి గోళ్ళు కొరుక్కుంటోంది. ఈ పాటికి ఆ కుచ్చిళ్ళు బయటికి కనబడుతూ ఉంటాయి. ఎవరో పరాయి మనిషి వాటిని చూస్తోంది. పెళ్ళాన్ని, నేను ఏనాడూ చూడలేదు.

మధ్యాహ్నం 3

మొత్తం వచ్చేసిందట. క్యాన్సర్‌లా లేదట, టెస్టుకి పంపారు. చూపు దక్కింది. వాసన మాత్రం ఇక రాదట. సర్జన్ గారి నుదుటి మీద టోపీ అచ్చు పడి ఉంది. ఆవిడ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాను.

మార్చి 14, శనివారం

కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు.

షాపు ఎవరు చూస్తున్నారు అన్నాడు.

వచ్చేశాడు. పాత మనిషి. గోడకేసి తిరిగి ఏడ్చాను. నర్సు భుజం తట్టి, సంతోషం పట్టలేకపోతున్నారు కదా అంది. సగం కరెక్టే.

మార్చి 29, ఆదివారం

ఇంటికొచ్చి వారం దాటింది. రిపోర్ట్ వచ్చింది, క్యాన్సర్ కాదు. అన్నం పెడితే తింటాడు, మాత్రలు వేస్తే మింగుతాడు. ఇల్లు మళ్ళీ మునుపటిలా ఉంది. కాకపోతే ఇదివరకు ఈ నిశ్శబ్దం నాకు వినబడేది కాదు.

ఉండబట్టలేక అడిగాను. ఆ రోజులు గుర్తున్నాయా అని. అంతా గుర్తుందట! ఒక్క ముక్క పోలేదట. చెవులు ఎర్రబడ్డాయి ఆయనకి. తల దించుకుని, లాయరు గారి నడుము, బ్యాంకాయన చొక్కా, అమ్మాయి ఏడుపు, అన్నీ ఒక్కొక్కటిగా చెప్పాడు. లాయరు గారికి కొత్త కోటు కుట్టి తనే వెళ్ళి ఇచ్చి క్షమించమని అడుగుతాడట. అమ్మాయికి మొహం చూపించలేకపోతున్నాడట.

చివర్లో, నిన్ను కూడా నలుగురిలో ఏదేదో అన్నాను, తప్పయిపోయింది, మనసులో పెట్టుకోకు అన్నాడు.

కాలిన కోటు, పాడైన చొక్కా, నేను. అన్నీ ఒకటే మూటలో కట్టాడు. తప్పుల మూటలో. మనసులో పెట్టుకోకట! పొయ్యి దగ్గరికెళ్ళి గిన్నెలన్నీ ఎత్తి కుదేశాను.

ఏప్రిల్ 11, శనివారం

ఇవాళ నేనే అనేశాను. మీరంటే నాకు ప్రాణం అని. కుడుతున్న మిషను ఆగిపోయింది. లేచి, చెప్పులేసుకుని, బయటికి వెళ్ళిపోయాడు.

చాలాసేపటికి వచ్చాడు. తల ఎత్తలేదు. ఇంకోసారి అను, అన్నాడు.