కళ్లు చెప్పింది రాసే కలం

అగదీర్ రేవులో ఉన్న నా కొడుకు అల్లాల్‌కు, ఫెజ్ నుంచి మీ అమ్మ తామో సలాం చెప్పి, దీవించి రాయిస్తున్నది. అల్లా దయవల్ల ఇక్కడ నేను బాగున్నాను, మోకాళ్లు తప్ప. కోడలు బహీజా, పిల్లలు కులాసా అని నీ ఉత్తరంలో విని కడుపు చల్లబడింది.

ముందు నువ్వడిగినవాటికి జవాబు. ఆలివ్ కాయలు ఊరేశాను, తెలిసినవాళ్లెవరైనా బస్సెక్కితే పంపిస్తాను. ఇంటి కప్పు కారడం లేదు. నువ్వు పంపిన ఫోను పనిచేస్తోంది, దాన్ని పిండి డబ్బా మీద బోర్లించి పెట్టాను. అందులో నీ గొంతు వస్తుంది, పోతుంది. పోయాక నా చేతిలో ఏం మిగులుతుంది? ఉత్తరమైతే దిండు కింద ఉంటుంది. నాకు చదువు రాదు, నిజమే. అయినా తీసి చూసుకుంటాను. నీ అక్షరాలు నీలాగే నడుస్తాయి, తల వంచుకుని గబగబా. కాగితం మడతలో మీ రేవు చేపల వాసన కూడా ఉంటుంది. ఫోనుకు ఏం వాసనుంది చెప్పు.

అసలు సంగతికొస్తాను. కిందటి ఉత్తరంలో నువ్వొక మాట రాశావు. "అమ్మా, ఫోనులో నువ్వు ఉరుము, ఉత్తరంలో తేనె. నువ్వు రాయించిన ఆ తియ్యటి మాటలు చదివే, పుట్టింటికి పోయిన బహీజాను వెళ్లి తెచ్చుకున్నాను. ఉత్తరాలు మాత్రం మానకు" అని.

అది చదివి వినిపిస్తూ సీ మక్కీ తడబడ్డాడు. ఆయన నీకు తెలుసుగా, వడ్రంగుల వీధి మొదట్లో బల్ల వేసుకుని, నాలాంటివాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టే ఆయన. మీ నాన్న పోయినప్పటినుంచీ నా ఉత్తరాలన్నీ ఆయన చేతివే.

"ఏ తియ్యటి మాటలయ్యా?" అన్నాను. ఆ ఉత్తరంలో నేను రాయమన్నది నాకు బాగా గుర్తుంది. 'గాడిదా, పెళ్లాన్ని వెళ్లగొట్టి మగాణ్ణనుకుంటున్నావా, నీ మొహం నాకు చూపించకు' అని.

సీ మక్కీ కలం తుడిచాడు. తుడిచిన కలాన్నే మళ్లీ తుడిచాడు. "నా కంటి వెలుగా, ఆ పిల్ల లేని నీ గుమ్మాన్ని తలుచుకోలేకపోతున్నాను, అని రాశాను, లల్లా తామో."

"నేను గాడిద అన్నాను కదా."

"అన్నారు. అంటుంటే మీ కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు చెప్పింది వదిలేసి, కళ్లు చెప్పింది రాశాను."

ఉత్తరం అంటించేముందు చదివి వినిపించడం ఆయన పద్ధతి. ఇన్నేళ్లూ కాగితం ముందు పెట్టుకుని, నా తిట్లు నాకే కంఠతా అప్పజెప్పాడు దొంగ. కాగితం మీదున్నది మాత్రం వేరు.

బల్ల మీద చేత్తో కొట్టి వచ్చేశాను. కొన్నాళ్లు ఆ వీధి వైపు వెళ్లలేదు. కోపం పోవడానికి సిరా చేస్తూ కూర్చున్నాను. ఏటా బక్రీదు గొర్రె ఉన్నిని పెనం మీద మాడ్చి, నూరి, సిరా చేసి ఆయనకిచ్చేది నేనే. రెల్లు కలం దానికే బాగా లొంగుతుందంటాడు. ఉన్ని పొగ కళ్లలోకి వస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. మీ నాన్న మంచివాడు, అల్లా ఆయన్ను కరుణించుగాక. కానీ జీవితమంతా ఆయన నా నోరొక్కటే విన్నాడు.

సిరా బుడ్డి తీసుకెళ్లి సీ మక్కీ ముందు పెట్టాను. కలం ముంచి ఒక గీత గీసి చూశాడు.

"ఈసారి చిక్కగా, నల్లగా కుదిరింది."

"కోపంతో మాడ్చాను. కుదరక చస్తుందా?"

నవ్వాడు. బుడ్డికి మూత పెడుతూ, "ఇంట్లో ఒక్కణ్ణే తింటున్నాను. రొట్టె సగం ఎండిపోతోంది" అన్నాడు.

"అది మీ నోరు చెప్పింది. మీ కళ్లు చెప్పింది, చదువు రానిదాన్నైనా, నేనూ చదివేశాను" అన్నాను.

ఆలివ్ కాయలనీ, ఇంటి కప్పనీ ఇంతసేపు చుట్టూ తిరిగింది ఇది చెప్పలేకే. సీ మక్కీని నికా చేసుకోవాలనుకుంటున్నాను. రంజాన్ నెల రాకముందే. ఈ వయసులో నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, వీధి ఏమనుకున్నా లెక్కలేదు. కానీ నీ మాట కావాలి. నువ్వు వద్దంటే చేసుకోను. ఆ వద్దు మాత్రం ఫోనులో చెప్పకు. కాగితం మీద, నీ చేత్తో రాయి. రాసేటప్పుడు నీ చెయ్యి ఎక్కడ ఆగిందో నేను చూసుకోవాలి. సరే అని రాసినా అంతే. తొందరగా రాయి, నా కంటి వెలుగా.

ఇది రాస్తున్నదీ సీ మక్కీయే. ఈసారి ఒక్క మాటా మార్చకూడదని, పక్కింటి బత్తూల్‌ను వెంట తెచ్చుకున్నాను, బడికి వెళ్లి చదువుకున్న మనిషి. ఆయన భుజం మీదుగా వంగి అంతా చదివింది. అన్నీ నేను చెప్పినట్టే ఉన్నాయట, ఒక్కచోట తప్ప. పైన చివరి మాట దగ్గర నేను చెప్పింది 'తొందరగా రాయి, గాడిదా' అని. కొట్టేయించనా అని అడిగింది బత్తూల్.

ఉండనీ అన్నాను.

ఇట్లు,
నీ జవాబు కోసం గుమ్మంలో కూర్చున్న మీ అమ్మ,
తామో. ఉన్ని సిరాలో ముంచిన వేలిముద్ర.