సాక్షి సంతకానికి నువ్వొద్దు

తమ్ముడూ,

నేను కులాసా. వీలునామా రాయిస్తున్నానంటే నాకేదో అయిందని కంగారు పడకు. ముందు కలిసిన ఇద్దరు లాయర్లు నా మాట సగంలోనే తుంచేశారు. మూడో ఆవిడ మాత్రం, నేను గుడ్డంతా కొలిచాకే కత్తెర పట్టినట్టు, నాకున్నవన్నీ అడిగి తెలుసుకున్నాకే కలం తీసింది. కుట్టుమిషను నీకని చెప్పి, సాక్షుల్లో ఒకడివీ నువ్వే అన్నాను. "ఆయన సాక్షి సంతకం పెడితే మిషను ఆయనకు దక్కదమ్మా" అంది. అందుకని నీ బదులు పక్కింటి వడ్రంగిని ఒప్పించాను.

ఇంటి దస్తావేజు నీ బీరువాలో ఉంది, రిజిస్టర్ పోస్టులో పంపు. మరదలి మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలకు దీవెనలు.

చిన్నప్పుడు నా పక్కన నిలబడి మిషను చక్రం తిప్పినవాడివి నువ్వే కనక అది నీదే. కాస్త ఓపిక పట్టు, నాకింకా బోలెడు కుట్టుపని ఉంది.

నీ అక్క