ఐదు స్టార్లు పెట్టించుకున్న కంపెనీ

బుధవారం. వాన.

మూడు రోజులుగా బావ కాఫీపొడి అమ్మే వెబ్‌సైట్ తెరుచుకోవట్లేదు. సైట్‌ని నడిపే హోస్టింగ్ కంపెనీకి ఎన్ని మెసేజులు పెట్టినా జవాబు లేదు. పొద్దున్న కోపమొచ్చి వాళ్లకి ఒక్క స్టార్ ఇచ్చి, మోసం అని రివ్యూ రాశాను. గంటలోపే ఫోన్ వచ్చింది. మాట్లాడలేక బావకి ఇచ్చేశాను.

"రాయడానికి లేని సిగ్గు మాటాడ్డానికేటిరా గుంటడా?" అని బావ స్పీకర్ పెట్టాడు.

"ఆ రివ్యూ తీసేసి ఐదు స్టార్లు పెట్టించండి సార్. సైట్ వెంటనే వచ్చేస్తుంది" అన్నాడు కంపెనీ ఆయన.

అంటే పాడవ్వలేదా? స్టార్ల కోసం వాళ్లే ఆపారా?

"ఏటి సూత్తన్నావురా? బేగి పెట్టు. ఆర్డర్లన్నీ ఇంకోడికి పోతాయి" అన్నాడు బావ.

'చాలా మంచి కంపెనీ' అని పెట్టాను. పది నిమిషాల్లో సైట్ వచ్చింది. "మంచోళ్లేరా!" అని బావ నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. చదవడం రాని బావకి రివ్యూలు చదివి వినిపించి, ఈ కంపెనీయే తీసుకోమన్నది నేనే. అప్పుడు అందరూ మంచి కంపెనీ అనే రాశారు. వాళ్లలో ఎంతమందికి ఇలాంటి ఫోన్ వచ్చిందో.

సాయంత్రం నా రివ్యూ కింద ఎవరో అడిగారు: "అన్నా, నిజంగా బాగుంటుందా? మేమూ తీసుకుందామనుకుంటున్నాం."

నిజం రాస్తే రేపు బావ సైట్ ఉంటుందా?