గుత్తిలోని నల్ల బిళ్ళ

శ్రీవారికి,

మీ ఇంటావిడ నమస్కారాలు. ఇక్కడ నేనూ పాపా అత్తయ్యా క్షేమంగానే ఉన్నాం. అత్తయ్య మోకాలు ఒక్కటే ఎవరి మాటా వినడం లేదు. ఆ సొరంగం పనిలో మీరు వేళకు తింటున్నారని, తల మీద టోపీ తీయడం లేదని అనుకుంటున్నాను.

మిగతాది చదివే ముందు మీ తాళాల గుత్తి ఒకసారి చూసుకోండి. "దీంట్లో నల్ల బిళ్ళ ఒకటి అడ్డం పడుతోంది, ఏమిటది, తీసి పారేయనా?" అని పోయిన ఉత్తరంలో అడిగారు. పారేయకండి. మీ క్యాంపుకి ఫోను అందదు, సరుకుల లారీ బయల్దేరేదాకా ఈ కబురు పంపే దారి లేదు. ఈలోపే పారేశారేమోనని నా భయం.

మా మందుల గోదాములో కంప్యూటర్లన్నిటి మీదా పెత్తనం చేసే అడ్మిన్ ఖాతాలు ఉంటాయని చెప్పాను కదా. వాటితో లోపలికి వెళ్ళినవాడు ఎవరినైనా చేర్చగలడు, ఎవరినైనా గెంటగలడు. అందుకే మెయిలు చూసుకోవడానికి మామూలు ఖాతా, పెత్తనానికి వేరే ఖాతా వాడాలి. ఈ ముక్క చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. మా అసిస్టెంటుకి మాత్రం రెండు ఖాతాలు మోయడం బరువైపోయింది. అడ్మిన్ ఖాతాలోనే మెయిలు తెరిచి, పార్సిల్ వచ్చిందన్న దొంగ ఉత్తరంలోని లింకు నొక్కాడు. "మేడమ్, నాకు నిజంగానే ఒక పార్సిల్ రావాలి మరి!" అంటాడు. తిట్టాలో నవ్వాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున చూస్తే మేమెవరం చేయని అడ్మిన్ ఖాతా ఒకటి కనిపించింది. దాన్ని తీసేసేలోపే ఆ దొంగ నా హక్కులన్నీ పీకేశాడు. పరుగెత్తుకెళ్ళి ఇంటర్నెట్ తీగ లాగేశాను. ఇప్పుడు వాడూ లోపలికి రాలేడు, నేనూ వెళ్ళలేను. మందులు అరల్లోనే ఉన్నాయి, కానీ ఏ పెట్టె ఏ అరలో ఉందో చెప్పాల్సింది ఆ కంప్యూటరే. మా వాళ్ళు నిచ్చెనలెక్కి ఒక్కో పెట్టెనీ తిప్పి చూస్తున్నారు. పిల్లల ఆసుపత్రి ఫార్మసిస్టు ఫోను చేసి, "అమ్మా, ఈ వారానికి ఎలాగో సర్దుకుంటాం, ఆ తర్వాత సంగతేంటో చెప్పండి" అంది. 

ఇలాంటి రోజు కోసమే ఎవరూ ముట్టుకోని ఖాతా ఒకటి విడిగా పెట్టాను. దాన్ని తెరవాలంటే ఒక రహస్య అంకె వేయాలి, ఒక బిళ్ళ కూడా కంప్యూటరుకి గుచ్చాలి. బిళ్ళలు రెండే. ఒకటి ఆఫీసు ఇనప్పెట్టెలో ఉండాలి. మా పెద్దసారు, "నా దగ్గరైతే భద్రంగా ఉంటుంది" అని దాన్ని వెనక జేబులో పెట్టుకున్నారు. పెట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. బిళ్ళ రెండు ముక్కలైంది. మిగిలిన బిళ్ళ మీ గుత్తిలో ఉంది.

రెండోది ఆఫీసుకి దూరంగా, నమ్మకమైన మనిషి దగ్గర ఉంచాలని మా నియమం. మీరు పెట్టె సర్దుకుంటున్నప్పుడు నేనే తగిలించాను. చెబితే పదిమందికీ చూపించి మురిసిపోతారని చెప్పలేదు. "పెళ్ళయి ఇన్నేళ్ళయినా నీ ఫోను లాక్ కూడా నాకు చెప్పవు" అని దెప్పారుగా. ఫోనుదేముంది, గోదాము మొత్తం మీ జేబులో వేశాను. చెప్పకుండా వేయడం కూడా నమ్మకమేనా అని మీరు దెప్పినా పడతాను.

ఇంకో భయం పట్టుకుంది. తొందరపెట్టి తాళం అడిగే ఉత్తరాన్ని నమ్మొద్దని ఆఫీసంతటికీ పాఠం చెప్పేది నేనే. ఇది అచ్చం అలాంటి ఉత్తరమే. నా దస్తూరీ ఎవరైనా దించేయగలరు. అడుగుతున్నది నేనేనని మీరెలా నమ్ముతారు? మనిద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియనిది ఏదైనా రాయాలి. పాప ముద్దుపేరు వీధంతా ఎరుగుదురు. మీ గురక సంగతి పై అంతస్తు వాళ్ళకీ తెలుసు. వెతగ్గా వెతగ్గా ఒక్కటే దొరికింది, అది రాయడానికి చెయ్యి రావడం లేదు.

మీరు బయల్దేరిన పొద్దున నేను గిన్నెలు తోముతున్నాను. మీరు వంటింటి గుమ్మంలో నిలబడి ఒక మాటన్నారు. నేను వెనక్కి తిరగలేదు. "ఆ రోజు నా మాట వినబడిందా?" అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నారు. కుళాయి చప్పుడులో ఏమీ వినబడలేదని నేను రాస్తూ వచ్చాను.

అబద్ధం. "ఉండమంటే ఉండిపోతాను" అన్నారు. విన్నాను. ముందు రోజు గొడవ ఇంకా కడుపులోనే ఉంది. ఇంకోసారి అంటారేమో చూద్దామని కుళాయి ఇంకాస్త తిప్పాను. వీధి తలుపు చప్పుడయ్యాక కట్టేశాను.

ఇది మనిద్దరికే తెలుసు. కాబట్టి రాసింది నేనే.

లారీ డ్రైవరు నమ్మకస్తుడే. బిళ్ళ అతని చేతికిచ్చి పంపినా మా పని జరిగిపోతుంది, అంకె నా బుర్రలోనే ఉంది. ఉద్యోగం చేసే మనిషిగా ఆ మాట దాచకూడదు కనుక చెప్పాను. మీ భార్యగా అడుగుతున్నాను, మీరే తీసుకురండి. తిరుగు ప్రయాణంలో డ్రైవరు పక్క సీటు ఖాళీగానే ఉంటుందట, కనుక్కున్నాను.

ఇట్లు,
విని కూడా పలకని
మీ ఇంటావిడ