బావ వచ్చినా లేవలేదని

అన్నయ్యా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. అయినా ఈ సంగతి నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మా గృహప్రవేశం నాడు మీ బావ ఎదురొచ్చి పలకరించినా నువ్వు కుర్చీలోంచి లేవలేదు. "మీ అన్నకి ఏందే ఆ పొగరు?" అని ఆయన నీ గడప తొక్కడం మానేశాడు. లేస్తే కళ్లు తిరుగుతున్నాయని నువ్వూ ఒక్క మాట చెప్పలేదు. మగాళ్లకు అదేం నామోషీయో! ఎండల్లో మిరప కల్లంలో నిలబడ్డా నీకు చెమట పట్టకపోతే అదృష్టవంతుడివనుకున్నాం.

నరసరావుపేటలో డాక్టరు నిన్ను పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశాకే అసలు విషయం తెలిసింది. చెమటనూ బీపీనీ మన ప్రమేయం లేకుండా నడిపే నరాలు నీలో మెల్లగా చచ్చిపోతున్నాయట, అందుకే లేచి నిలబడితే బీపీ పడిపోతోందట. ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బట. అది విని మీ బావ పరుగున వస్తే, నువ్వు మర్యాదకు లేవబోయి ఆయన చేతుల్లోనే స్పృహ తప్పావు.

నిన్న పిడుగురాళ్లలో మా మరిది కూతురి నిశ్చితార్థం. ఈయన లోపలికి రాగానే అందరూ లేచారు, కాబోయే పెళ్లికొడుకు తప్ప. "పెద్దాయన వస్తే లేవడేందిరా?" అని మావాళ్లు గొణిగారు. ఈయన నేరుగా వెళ్లి అతని పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు.

"లేస్తే కళ్లు తిరుగుతన్నాయా, బాబూ?"

"లేదండీ, ఫోన్ చూస్తా గమనించలా" అంటూ అతను కంగారుగా లేవబోయాడు. అందరూ నవ్వారు.

మీ బావ నవ్వలేదు. అతని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"అయినా సరే, కూర్చో."