నువ్వు పెట్టని సంతకం

జూలై 9, బుధవారం ఉదయం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. నేనూ, నా దగ్గరున్న నీ కూతురూ కులాసా. నువ్వూ మరదలూ చల్లగా ఉండాలని రోజూ దేవుణ్ణి అడుగుతున్నాను. నీ కోపం చల్లార్చమని మాత్రం అడగలేదు, అది నువ్వే చూసుకోవాలి. ప్రార్థన ముగించి, మంచినీళ్లు తాగి, స్థిమితంగా రాస్తున్నాను. కోపంతో రాసిందని ఈ ఉత్తరాన్ని పక్కన పడేయకు.

నీ కవరు పోయిన నెలలోనే అందింది. కాలేజీ ఫారం సంతకం పెట్టకుండా తిప్పి పంపావు. వెనకాల, ఆయా పనికి నాలుగేళ్ల చదువా అని రాశావు. నిన్న ఫోన్ చేసి, ఈపాటికి గడువు దాటిపోయి ఉంటుంది, ఇక పిల్లను ఇంటికి బస్సెక్కించు అన్నావు. కంప్యూటర్ కోర్సులో సీటు పెట్టుకుని స్పీచ్ థెరపీ అంటుందా, మాటలు రాని పిల్లలకు మాటలు నేర్పడానికి అసలు దీనికి మాటలొచ్చా అని కూడా అన్నావు. నీ ముందు నోరు విప్పగలిగిన వాళ్లెవరురా మన ఇంట్లో?

దాన్ని నేనే చెడగొట్టానన్నావు. కొంత నిజం. ఆ కాలేజీ ఇంటర్వ్యూకి తీసుకెళ్లింది నేనే. అక్కడేం జరిగిందో విను.

గదిలో నాలుగేళ్ల పాప. ఇంకా మాటలు రాలేదు. ఒక్కొక్కరినీ పావుగంట సేపు ఆ పాపతో వదిలి, మేడమ్‌లు అద్దం ఇవతల నుంచి చూస్తారు. వరండాలో ఉన్న మాకూ కనిపిస్తూనే ఉంది. మన పిల్లకంటే ముందు వెళ్లినమ్మాయి బంతి ఎగరేసింది, చప్పట్లు కొట్టింది, పాటలు పాడింది. పాప బెదిరి బల్ల కింద దూరింది. తర్వాత మనది వెళ్లింది. చెప్పులు విప్పి తనూ బల్ల కింద దూరింది. అంతే! పది నిమిషాలు గడిచినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. సీటు రాకపోయినా సరేనని దేవుడితో రాజీ పడ్డాను.

అప్పుడు పాప మెల్లగా కాలు చాపి, దీని పాదానికి తన పాదం ఆనించింది. ఇది వేలితో నేల మీద రెండుసార్లు తట్టింది. పాపా రెండుసార్లు తట్టింది. ఇది మూడు, పాపా మూడు. ఇది నాలుగు తడితే పాప కావాలని ఐదు తట్టి, నోరంతా తెరిచి నవ్వింది. నవ్వు మాకు వినిపించలేదు గానీ, పెద్ద మేడమ్ కలం కింద పెట్టేసింది.

బయటికొచ్చి, నోరే విప్పలేదు అత్తా, అంతా అయిపోయింది అని ఒకటే ఏడుపు. మొదటి జాబితాలోనే పేరు వచ్చింది.

నీ మనసు నాకు తెలియనిది కాదు. పాతికేళ్లు లిఫ్టుల గుంతల్లో దిగి, గ్రీజు చేతులతో అన్నం తిన్నావు. కూతురు చల్లటి గదిలో కుర్చీ వేసుకుని కూర్చోవాలన్నది నీ ఆశ. మంచిదే. కానీ అది నేల మీద కూర్చుంటానంటోంది. కూర్చోనీ.

ఆయా పనిని తక్కువ చేయకు. నిన్ను రెండేళ్లు చంకన మోసింది నేనే. నాకెవరూ డిగ్రీ ఇవ్వలేదు.

ఇది బతిమాలుకునే ఉత్తరం కాదు. పిల్లను బస్సెక్కించను. ఆ చదువు చదివితే నీ గడప తొక్కొద్దన్నావట. సరే, నా గడప ఉంది. కుట్టుమిషన్ వంటగదిలోకి జరిపి, కిటికీ పక్కన దానికి బల్ల వేశాను. మరదలిని ఏడవొద్దను, ఆదివారం వచ్చి చూసుకుని వెళ్లమను. నిన్నూ రావద్దనడం లేదు.

నీ మంచితనమూ మొండితనమూ రెండూ ఎరిగిన
అక్క

తా.క.: సంతకం ఆపి సీటు ఆపాననుకుంటున్నావు. దానికి పద్దెనిమిది నిండాయి, దాని సంతకం ఒక్కటే చాలు. క్లాసులు మొదలై పది రోజులైంది. తండ్రి సంతకం ఉన్నా లేకపోయినా ఒకటేనని కాలేజీ గుమాస్తా మొదటి రోజే చెప్పాడు. అయినా నీకు పంపాల్సిందేనని పట్టుబట్టింది నీ కూతురే. ఫారం తిరిగొచ్చాక, తండ్రి సంతకం గడిలో నేను పెడతానే అన్నాను. వద్దత్తా, అది నాన్నది అని, ఖాళీగానే ఇచ్చి వచ్చింది.