డోలుకు చెప్పే కబుర్లు

అక్కా, నా దగ్గు తగ్గింది, బెంగ పెట్టుకోకు. మ్యూజియంలో అద్దాలు తుడిచే పనే చేస్తున్నాను.

పోయిన నెల, తరతరాలుగా కొండల్లో ఉంటున్న ఒక తెగవాళ్ళు తమ తాతలనాటి డోలును చూసుకోవడానికి వచ్చారు. ఒక ముసలమ్మ అద్దాల పెట్టె మీద చెయ్యి వేసి దానితో ఎంతసేపో మాట్లాడింది. ఏమంటోందని ఆమె మనవరాలిని అడిగాను. ఎవరికి పెళ్ళయింది, ఎవరు పోయారు, వానలెలా పడ్డాయి, అన్నీ చెబుతోందట. వాళ్ళకి డోలు కూడా ఇంటి మనిషేనట. వెళ్తూ, "దీన్ని ఎవరు చూసుకుంటారు?" అని మనవరాలి చేత అడిగించింది. "నేనే, రోజూ తుడుస్తాను" అన్నాను కాస్త గొప్పగా. "తుడిస్తే చాలా నాయనా, పలకరించొద్దూ?" అందట.

నవ్వకు. అప్పటినుంచి పొద్దున్నే గుడ్డ పట్టుకుని దానికి మన ఇంటి సంగతులు చెబుతున్నాను. మన భాష దానికి వచ్చో రాదో. బావ అలక, నీ కొత్త కుట్టుమిషను అన్నీ అయిపోయాయి. నిన్న చెప్పిందే మళ్ళీ చెప్పి సిగ్గుపడ్డాను. పిన్ని కూతురికి ఎవరు పుట్టారు? అమ్మ మోకాలికి నూనె రాస్తున్నావా? వెంటనే జాబు రాయి. నా పాత స్వెటరు పంపు.

అమ్మకు దణ్ణాలు, పిల్లలకు ముద్దులు. డోలు కూడా అందరినీ అడిగానని చెప్పమంది.

నీ తమ్ముడు